బరువు తగ్గించే సర్జరీకి ముందు మనసు సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

బేరియాట్రిక్ (బరువు తగ్గించే సర్జరీల) ఓపీలో డైటీషియన్ గది పక్కనే నా గది. సర్జన్ రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చినవాళ్ళు తలుపు మీద 'సైకాలజిస్టు' అన్న బోర్డు చూస్తారు, చీటీ చూసుకుంటారు, పొరపాటున పంపారేమో అని మళ్ళీ రిసెప్షన్‌కి వెళ్తారు. రిసెప్షన్‌వాళ్ళు వెనక్కి పంపాక వచ్చి కూర్చుని అడిగేవి దాదాపు ఇవే. ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకునేలా దశలవారీగా పెట్టాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే ఆఖరు.

## అపాయింట్‌మెంట్‌కి ముందు

ఆపరేషన్ పొట్టకి కదా, సైకాలజిస్టు దగ్గరికి ఎందుకు పంపుతున్నారు?

స్లీవ్ సర్జరీలో పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి కొన్ని నెలలపాటు ఆకలి బాగా తగ్గుతుంది. ఇంకో రకమైన బైపాస్‌లో (గుండె బైపాస్ కాదు) పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలుపుతారు. ఏది చేసినా, బాసు అరిచిన రోజు సాయంత్రం మిర్చిబజ్జీల బండి దగ్గర వాటంతటవే ఆగే కాళ్ళకి ఆ సంగతి తెలియదు. అలాంటప్పుడు తిండికి బదులు ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. జీవితాంతం విటమిన్ మాత్రలు, రక్త పరీక్షలు, కొద్దికొద్దిగా తినడం ఎలాగూ తప్పవు. వాటిని నిభాయించుకునే స్థితిలో మీరున్నారా, లేకపోతే ఎవరి సాయం కావాలి అన్నది కూడా ఇక్కడే చూస్తాం.

రిపోర్టులో నాకు పిచ్చి అని రాస్తారా?

రాయరు. సర్జరీ గురించి మీకున్న అవగాహన, తినే అలవాట్లు, మనసు పరిస్థితి, ఇంట్లో ఉన్న ఆసరా, ముందూ వెనకా కావలసిన సాయం, ఇవి రాస్తారు. గుండె డాక్టరు ఎకో చేయించమన్నప్పుడు ఎవరూ నొచ్చుకోరు. ఇదీ అంతే.

"నోరు కట్టుకోలేక కత్తి పెట్టించుకుంటోంది" అంటున్నారు. నిజంగా నా తప్పేనా?

నా గదిలో ఎక్కువసార్లు వినపడే మాట ఇదే. ఎక్కువ కన్నీళ్ళు కూడా దీని దగ్గరే.

1986లో డెన్మార్క్‌లో చిన్నప్పుడే దత్తత వెళ్ళి పెరిగిన 540 మంది పెద్దవాళ్ళ బరువు చూశారు. అది కన్నవాళ్ళ ఒంటి తీరుని పోలి ఉంది. పెంచినవాళ్ళతో సంబంధం కనపడలేదు. ఒకే కంచం, ఒకే వంటిల్లు అయినా ఒళ్ళు మాత్రం పుట్టుకతో వచ్చిన దారినే పోయింది. పైగా డైటింగ్ చేసి బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని కరువుగా లెక్కేస్తుంది. ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, ఖర్చయ్యే కేలరీలు తగ్గుతాయి. ఏడాది గడిచినా ఆ హార్మోన్లు పూర్తిగా సర్దుకోలేదని 2011లో ఆస్ట్రేలియాలో చూశారు. మీరు పదిసార్లు తగ్గి పదకొండుసార్లు పెరిగారంటే మీకు పట్టుదల లేదని కాదు. లేకపోతే పదిసార్లు మొదలుపెట్టేవాళ్ళే కాదు.

అలాగని అలవాట్ల పాత్ర ఏమీ లేదని చెప్పను. నైట్ షిఫ్టులు, నిద్రలేమి, తోచనప్పుడు తినడం, ఇవన్నీ కలుస్తాయి. అందులో మార్చుకోగలిగింది ఎంత అన్నది లెక్క తేల్చుకుందాం. సిగ్గుపడుతూ కూర్చుంటే మాత్రం ఆ లెక్క తేలదు.

పెళ్ళి సంబంధాలు కుదరట్లేదని ఇంట్లోవాళ్ళు చేయించుకోమంటున్నారు. ఒప్పుకోవాలా?

మీకు 18 నిండితే ఒప్పుకోవలసింది మీరు. అందుకే ఇలాంటప్పుడు నేను అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమంటాను. "పెళ్ళి సంగతే లేకపోతే ఈ ఆపరేషన్ చేయించుకుంటావా?" అని అమ్మాయిని ఒక్కదాన్నే అడుగుతాను. "అవునండీ, మోకాళ్ళు నొప్పులు, షుగర్ కూడా వచ్చింది" అంటే సరే. నేలచూపులు చూస్తే తొందరపడొద్దని సర్జన్‌కి చెబుతాను.

ఇంట్లోవాళ్ళు లెక్కలో వేసుకోని సంగతి ఇంకొకటుంది. సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. పెళ్ళయిన మూడో నెల నుంచే "విశేషమేమైనా ఉందా" అని అడిగే ఇళ్ళలో ఇది ముందే మాట్లాడుకోకపోతే ఆ పిల్ల ఒక్కతే నలిగిపోతుంది. అబ్బాయిల మీదా ఈ ఒత్తిడి ఉంది, వాళ్ళు చెప్పుకోరు.

సైకాలజిస్టా, సైకియాట్రిస్టా? ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాట్లాడి, పరీక్షలు పెట్టి, థెరపీ చేస్తారు, మందులు రాయరు. సర్జరీ ముందు అసెస్‌మెంట్ ఇద్దరిలో ఎవరైనా చేయవచ్చు. ఇప్పటికే మందులు వాడుతుంటే సైకియాట్రిస్టు తప్పనిసరి. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మొహమాటపడక్కర్లేదు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మన దేశంలో బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన నిబంధన ప్రకారం వయసు 18 నిండి, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క) 40 లేదా ఆ పైన ఉంటే వస్తుంది. 35 లేదా ఆ పైన ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం), అదుపులో లేని షుగర్ లాంటివి ఉన్నా వస్తుంది. డాక్టరు సలహా మీద చేస్తున్నట్టు, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గనట్టు కాగితాలు చూపించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్ళకి బీఎంఐ 40 అంటే సుమారు 102 కిలోలు. కొత్త పాలసీ అయితే వెయిటింగ్ పీరియడ్ చూసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి చాలా కంపెనీలు సైకాలజీ రిపోర్టు లేనిదే అప్రూవల్ ఇవ్వవు. అక్కడ ఇంగ్లీషులో మనసు విప్పలేకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళచేత చెప్పించకండి.

## ఆ గదిలోకి వెళ్ళాక

ఏమేమి అడుగుతారు? ఎంతసేపు పడుతుంది?

గంట, గంటన్నర పట్టొచ్చు. కొందరికి రెండు మూడుసార్లు రావాల్సి ఉంటుంది. బరువు ఎప్పటినుంచి పెరిగింది, అప్పుడు జీవితంలో ఏం జరుగుతోంది, ఇంతకుముందు ఏమేం ప్రయత్నించారు, నిద్ర ఎలా ఉంది, మందు, సిగరెట్, గుట్కా అలవాట్లున్నాయా, ఇంట్లో వంట ఎవరిది, ఇలా సాగుతుంది. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 లాంటి చిన్న ప్రశ్నపత్రాలు నింపిస్తారు. చిన్నతనంలో ఎవరైనా చెడుగా తాకడం లాంటివి జరిగాయా అని కూడా అడగొచ్చు. లావుగా ఉంటే ఎవరూ తనవైపు చూడరన్న ధైర్యంతో బరువుని గోడలా కట్టుకున్నవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకి బరువు తగ్గుతుంటే సంతోషం బదులు భయం మొదలవుతుంది. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. "ఇప్పుడు కాదు" అన్నా సరిపోతుంది.

ఇందులో ఫెయిల్ అయితే సర్జరీ ఆపేస్తారా?

ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు. ఎక్కువమందికి "చేయించుకోవచ్చు" అనో, "ఫలానాది సరిచేసుకుని చేయించుకోవచ్చు" అనో వస్తుంది. చికిత్స లేకుండా వదిలేసిన తీవ్రమైన డిప్రెషన్, స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు అదుపులో లేకపోవడం, మందు గానీ మత్తుపదార్థాలు గానీ మానలేని స్థితి, ఈమధ్యే ఆత్మహత్యాయత్నం చేసి ఉండడం లాంటివి ఉంటే వాయిదా వేస్తారు. వైద్యం తీసుకుని నిలకడ వచ్చాక మళ్ళీ రావచ్చు.

నిజం చెబితే ఆపరేషన్ ఆపేస్తారని భయం. కొన్ని విషయాలు దాచొచ్చా?

దాచొచ్చు, మేం సీఐడీలం కాదు. కానీ దాచినది ఆపరేషన్ తర్వాత మీ ఒక్కరి నెత్తినే పడుతుంది. తిని వేలు పెట్టుకుని కక్కుకునే అలవాటుందనుకోండి, కుట్లు పడిన పొట్టతో ఆ పని ఎంత ప్రమాదమో ఆలోచించండి. ముందే చెబితే ఆ అలవాటుకి వైద్యం చేశాకే సర్జరీ పెడతారు. కొంత ఆలస్యమవుతుంది, అంతే.

రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తెరుస్తాను. ఇది జబ్బా?

ఎప్పుడో ఒక రాత్రి అయితే కాదు. తరచుగా అయితే రెండు రకాలుగా చూస్తాం. కొద్దిసేపట్లోనే మామూలు మనిషి తినేదానికి బాగా మించి తినేయడం, ఆపుదామన్నా చేయి ఆగకపోవడం, తర్వాత తన మీద తనకే అసహ్యం వేయడం వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే దాన్ని బింజ్ ఈటింగ్ అంటారు. 2013 నుంచి ఇది పుస్తకాల్లో విడిగా ఒక జబ్బు. రాత్రి భోజనం అయ్యాక రోజు తిండిలో పావువంతు పైగా తినడం, లేదా నిద్రలో లేచి తింటే గానీ మళ్ళీ నిద్ర పట్టకపోవడం నైట్ ఈటింగ్. రెండిటికీ వైద్యం ఉంది. అవి ఉన్నాయని సర్జరీ కాదనరు.

మొదట చేయమనేది మాత్రం చాలామంది అనుకున్నదానికి తలకిందులుగా ఉంటుంది. పగలు మూడు పూటలా తినమంటాం. పొద్దున టీతో, మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెట్టి "కంట్రోల్" చేసుకున్నవాళ్ళే రాత్రి పదకొండింటికి చేతులెత్తేస్తారు.

ఫుడ్ డైరీలో అన్నీ రాస్తున్నాను, తక్కువే తింటున్నాను. అయినా నమ్మట్లేదేమిటి?

నమ్మకపోవడం కాదు. ఒకావిడ డైరీ చెబుతాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఇడ్లీ మూడు, అన్నం ఒక కప్పు, పప్పు, సాయంత్రం టీ, రాత్రి పుల్కాలు రెండు. ఒక్క కొట్టివేత లేదు. "పిల్లల క్యారియర్లు తిరిగొచ్చాక ఏం చేస్తారండీ?" అని అడిగాను. నవ్వింది. స్కూలు నుంచి వచ్చిన డబ్బాలో సగం మిగిలిన పూరీ, అడుగున బంగాళాదుంప కూర, చిన్నవాడు వదిలేసిన పెరుగన్నం. సింకు దగ్గర నిలబడి, ఒక చేత్తో కుళాయి తిప్పుతూ, అవన్నీ నోట్లో వేసుకున్నాకే డబ్బాలు కడుగుతుంది. రాత్రి గిన్నెల దగ్గరా అదే పని. "అది తినడం కిందకి రాదు కదండీ, పారేయలేక" అంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో మెతుకు పారేస్తే దెబ్బలు పడేవట.

అబద్ధం రాయలేదావిడ. కంచంలో పెట్టుకున్నదే తిండి అనుకుంది. అందుకే డైరీలో ఏం తిన్నారు అన్నదాని పక్కన ఎక్కడ తిన్నారు, కూర్చునా నిలబడా, అప్పుడు మనసెలా ఉంది అని మూడు గళ్ళు గీయిస్తాను. తర్వాతి వారం నుంచి ఆవిడ మిగిలినవి ఒక డబ్బాలో వేసి పనమ్మాయికి కాదు, వీధి చివర ఆవుకి పెట్టేది. పనమ్మాయికి ఎంగిలి ఎలా ఇస్తామండీ అంది.

నేను చెప్పింది మావారికో అత్తగారికో తెలుస్తుందా?

మీరు చెప్పమంటే తప్ప తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత పేషెంటు హక్కు. సర్జరీ టీముకి వైద్యానికి అవసరమైనంతవరకే వెళ్తుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం అవసరమైనవాళ్ళకి చెప్పక తప్పదు. రిపోర్టు కాపీ ఎవరి చేతికిస్తారో, వాట్సాప్‌లో ఎవరి నంబరుకి పంపుతారో ముందే అడగండి. ఇళ్ళలో గుట్టు బయటపడేది ఎక్కువగా అక్కడే.

వీకెండ్‌లో రెండు పెగ్గులు. అది కూడా చెప్పాలా?

చెప్పాలి, పెగ్గు సైజుతో సహా. బైపాస్ తర్వాత మందు రక్తంలోకి చాలా వేగంగా వెళ్తుంది. మునుపు రెండుకి ఎక్కనిది ఒక్కదానికే ఎక్కుతుంది, దిగడానికీ ఎక్కువసేపు పడుతుంది. సర్జరీ అయిన రెండో ఏడాదికి తాగుడు సమస్య ఉన్నవాళ్ళ శాతం పెరిగిందని అమెరికాలో 2012లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ముందు నుంచీ క్రమం తప్పకుండా తాగేవాళ్ళకీ, సిగరెట్ కాల్చేవాళ్ళకీ, మగవాళ్ళకీ ఆ ప్రమాదం ఎక్కువ. తిండితో తీర్చుకున్న టెన్షన్ గ్లాసు వైపు మళ్ళడం మేమూ చూస్తుంటాం. సిగరెట్ అయితే ఆపరేషన్‌కి కనీసం ఆరు వారాల ముందే ఆపాలి.

డిప్రెషన్ మాత్రలు వాడుతున్నాను. ఆపేసి వెళ్ళాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపరేషన్ దగ్గరపడ్డాక మందు ఆగి డిప్రెషన్ తిరగబెట్టడం అన్నిటికంటే చెడ్డ పరిస్థితి. బైపాస్ తర్వాత కొన్ని మందులు ఒంటికి పట్టే తీరు మారుతుంది, ముఖ్యంగా నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలు. సైకియాట్రిస్టు రకమో డోసో మారుస్తారు. లిథియం వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ మొదటి వారాల్లో నీళ్ళు తక్కువగా తాగుతారు కాబట్టి రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. తరచుగా పరీక్ష చేయించాలి.

## ఆపరేషన్ డేటు వచ్చాక

ఇక జీవితంలో తినలేనేమో అని బిర్యానీ, హలీం, ఐస్‌క్రీం అన్నీ లాగించేస్తున్నాను. తప్పా?

తప్పొప్పులు అటుంచండి, చాలామంది చేస్తారు. ఒకబ్బాయి ఫోన్‌లో పద్నాలుగు హోటళ్ళ లిస్టు రాసుకున్నాడు, టిక్కులు పెట్టుకుంటూ. దాని వెనకున్నది ఆకలి కాదు, వీడ్కోలు. తిండి అతనికి ఇన్నేళ్ళ స్నేహితుడు, ఆ స్నేహితుణ్ణి సాగనంపుతున్నాడు. ఆ దిగులు నిజమైనదే, దాన్ని మాటల్లో చెప్పుకోనివ్వాలి.

కానీ రెండు సంగతులు. ఆపరేషన్ ముందు లివరులో కొవ్వు తగ్గి కాస్త చిన్నదైతేనే సర్జన్‌కి పొట్ట దగ్గరికి దారి సులువు, ఈ సెండాఫ్ పార్టీలు దానికి అడ్డం. రెండోది, బిర్యానీ ఎక్కడికీ పోదు. కొన్ని నెలలకి నాలుగు ముద్దలు హాయిగా తింటారు. ఆ లిస్టులో ఒక్కటి ఎంచుకోమన్నాను. కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, నెమ్మదిగా తినమన్నాను. సగం ప్లేటు దగ్గర ఆగిపోయానని వచ్చి చెప్పాడు, తనకే ఆశ్చర్యంగా.

ఆపరేషన్ ముందు పెట్టిన రెండు వారాల లిక్విడ్ డైట్‌తో చిరాకు, ఏడుపు వస్తున్నాయి. మామూలేనా?

మామూలే. మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి, ఆ వారం పోపు వాసనలకి కూడా కోపం వస్తుందని. షుగర్ మందులు వాడేవాళ్ళు డోసు గురించి డాక్టర్ని అడగకుండా లిక్విడ్ డైట్ మొదలుపెట్టొద్దు.

ఆపరేషన్ టేబుల్ మీదే పోతానేమో అని నిద్ర పట్టట్లేదు.

ప్రమాదం సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ చిన్న రంధ్రాలతో చేసే ఈ సర్జరీలో ప్రాణాపాయం గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్‌లో ఉన్నంత తక్కువకి వచ్చింది. భయానికి పేరు పెట్టండి: మత్తు గురించా, నొప్పి గురించా, పిల్లలు ఏమైపోతారనా? మత్తు గురించైతే మత్తు డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడితే చాలావరకు తీరిపోతుంది.

బంధువులకి చెప్పాలా?

ఇంట్లో వంట చేసేవాళ్ళకి, హాస్పిటల్లో తోడుండేవాళ్ళకి తప్పక చెప్పాలి. మిగతావాళ్ళకి చెప్పడం మీ ఇష్టం. పెళ్ళి బంతిలో కొసరి కొసరి వడ్డించే పెద్దమ్మని ఎలా ఆపాలన్నదే అసలు పరీక్ష. మన ఇళ్ళలో "గ్యాస్ట్రిక్ ప్రాబ్లం అండీ, డాక్టరు వద్దన్నారు" అంటే ఎదురు ప్రశ్న రాదు. అబద్ధం అనుకోనక్కర్లేదు, ఒక రకంగా నిజమే కదా.

ముందు నుంచే ఏమైనా ప్రాక్టీస్ చేయాలా?

ఒక్కటి చాలు, నెమ్మదిగా తినడం. ముద్ద నిమ్మకాయంత కలుపుతుంటే ఉసిరికాయంత చేయండి. అది మింగేదాకా రెండోది కలపొద్దు. భోజనానికి అరగంట అటూ ఇటూ నీళ్ళు తాగకుండా ఉండి చూడండి. చెబితే సులువే గానీ, పప్పన్నం మధ్యలో చేయి గ్లాసు వైపు ఎన్నిసార్లు వెళ్తుందో లెక్కపెట్టండి.

## ఇంటికి వచ్చాక

రెండో వారంలోనే "ఎందుకు చేయించుకున్నానా" అని ఏడుపొస్తోంది. నేనొక్కదాన్నేనా?

కాదు. నొప్పి, నీరసం, రోజంతా నీళ్ళ తిండి, ఇవి చాలవన్నట్టు మనసు బాగోలేనప్పుడు పట్టుకునే ఊతం కూడా పోయింది. సాధారణంగా కొన్ని వారాల్లో తేలికపడుతుంది. మూడో నెల తర్వాత జుట్టు రాలడం మొదలైతే మళ్ళీ కంగారు పడతారు. సరైన ప్రొటీన్, ఐరన్ అందితే అది చాలావరకు తిరిగొస్తుంది. అలా తేలికపడకుండా రెండు వారాలకి పైగా రోజూ ఏడుస్తూనే ఉంటే మాత్రం చూపించుకోవాలి.

ముప్పై కిలోలు తగ్గాను. అద్దంలో ఇంకా లావుగానే కనిపిస్తున్నాను.

ఒళ్ళు తగ్గినంత వేగంగా మనసులో బొమ్మ మారదు. షాపులో పాత సైజే చేతికొస్తుంది, ఆటోలో చివరికి జరిగి కూర్చుంటారు. వేలాడే చర్మం దీనికి తోడు. నెలకో ఫోటో తీసుకోండి, పాత జాకెట్టు ఒకటి దాచుకోండి. పొగడ్తలు కూడా కొందరిని కుంగదీస్తాయి: "ఇప్పుడు బాగున్నావు" అంటే అంతకుముందు ఏమిటని.

బరువు తగ్గాక కాపురం బాగుపడుతుందా?

హామీ ఇవ్వలేను. స్వీడన్‌లో 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సర్జరీ తర్వాత విడిపోయినవాళ్ళు పెరిగారు, అప్పటిదాకా ఒంటరిగా ఉండి కొత్తగా జోడీ కట్టినవాళ్ళూ పెరిగారు. ధైర్యం వచ్చినవాళ్ళు నోరు విప్పుతారు, కొన్ని ఇళ్ళు దాన్ని తట్టుకోలేవు. అందుకే ముందు సిటింగుల్లో ఒకదానికి జంటగా రమ్మంటాం.

మా ఊళ్ళో సైకాలజిస్టు లేరు. చచ్చిపోవాలనిపిస్తే ఎవరికి చెప్పాలి?

14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికప్పుడే అనిపిస్తే 108కి చేసి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి, ఒంటరిగా ఉండొద్దు. ఈ సర్జరీ చేయించుకున్నవాళ్ళలో తమకు తాము హాని చేసుకునే ప్రమాదం కొంత పెరుగుతుందని అధ్యయనాలున్నాయి, బరువు బాగా తగ్గినవాళ్ళలో కూడా. కాబట్టి "ఇంత తగ్గాక కూడా ఏడుపేమిటి" అని ఎవరన్నా, మీకు మీరే అనుకున్నా, ఫోన్ చేయడం మానొద్దు. డిశ్చార్జ్ రోజున మందుల చీటీ వెనక ఆ నంబరు రాయించుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా సేవ్ చేయించండి.